తోడేలుకు చోటేది?

తోడేలు పేరు వినని వాళ్లు మనలో లేరు. చిన్నప్పుడే కథల్లో విన్నాం. వాగు దగ్గర నీళ్లు తాగుతున్న మేకపిల్లతో లేనిపోని తగాదా పెట్టుకుని, చివరకు దాన్ని తినేసిన తోడేలు కథ అందరికీ తెలుసు. పైకి మంచిగా ఉండి లోపల మోసం చేసేవాణ్ణి 'గొర్రె తోలు కప్పుకున్న తోడేలు' అంటాం. నక్క సంగతి వేరు. నక్కను జిత్తులమారి అంటాం. అయినా ఎవరికైనా అదృష్టం కలిసి వస్తే 'నక్క తోక తొక్కి వచ్చావా?' అని అడుగుతాం. తోడేలుకు అలాంటి మంచి మాట ఒక్కటి కూడా దక్కలేదు.

'నాన్నా పులి' కథ కూడా మీకు తెలుసు. గొర్రెలు కాసే కుర్రాడు ఉత్తుత్తినే అరుస్తాడు. నిజంగా పులి వచ్చినప్పుడు ఎవరూ రారు. ఇది గ్రీకు దేశపు ఈసపు చెప్పిన కథ. ఆ కథలో ఉన్నది పులి కాదు, తోడేలు. మన దగ్గరికి వచ్చేసరికి తోడేలు పోయి పులి వచ్చింది.

కథలో జరిగింది ఇప్పుడు నేల మీద కూడా జరుగుతోంది. తోడేలు పోతోంది. ఎందుకు పోతోంది? పోతే మనకేమిటి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

పులులు ఎక్కువా? తోడేళ్లు ఎక్కువా?

ఈ ప్రశ్న అడిగితే చాలామంది 'తోడేళ్లే ఎక్కువ' అంటారు. పులులు తగ్గిపోయాయని మనం ఎన్నోసార్లు విన్నాం. తోడేళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. అందుకే అలా అనుకుంటాం. లెక్క చూద్దాం.

2022లో మన దేశంలో పులులను లెక్కించారు. సుమారు 3,682 పులులు ఉన్నాయని తేలింది.

తోడేళ్లను అంచనా కట్టిన శాస్త్రవేత్తలు మన దేశంలో పెద్ద తోడేళ్లు సుమారు 3,100 ఉంటాయన్నారు. 2025లో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం మన తోడేలును 'ముప్పు ఉన్న జంతువు' అని ప్రకటించింది. మొత్తం భారతదేశం, పాకిస్తాన్ కలిపినా పెద్ద తోడేళ్లు మూడు వేల చిల్లరే అని ఆ సంఘం చెప్పింది.

ఈ రెండు లెక్కలూ ఒకే పద్ధతిలో తీసినవి కావు. అయినా ఒక సంగతి మాత్రం స్పష్టం. తోడేళ్లు పులుల కన్నా ఎక్కువేమీ లేవు. తక్కువే ఉండవచ్చు.

పులిని కాపాడటానికి 1973లో ఒక పెద్ద పథకం మొదలుపెట్టారు. ఇప్పుడు దేశంలో పులుల కోసం 50కి పైగా రక్షిత అడవులు ఉన్నాయి. తోడేళ్ల కోసమే అని పేరు పెట్టి కాపాడే చోట్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఒకటి జార్ఖండ్‌లోని మహుఆడాండ్. అది 1976లో ఏర్పడింది. ఇంకొకటి కర్ణాటకలోని కొప్పళ జిల్లాలో ఉంది. దాని పేరు బంకాపుర. అది ఈమధ్యనే వచ్చింది.

తోడేలు ఎలా ఉంటుంది?

తోడేలు కుక్క జాతిది. అసలు కుక్కే తోడేలు నుంచి వచ్చింది. కనీసం 15,000 ఏళ్ల కిందట మనిషి తోడేలును మచ్చిక చేసుకున్నాడు. ఆ సంతతే మన వీధిలో, మన వాకిట్లో తిరిగే కుక్క.

మన తోడేలు చలి దేశాల తోడేళ్ల కన్నా చిన్నది. బరువు సుమారు 20 కిలోలు. కాళ్లు పొడవు. ఒళ్లు సన్నం. రంగు ఎండుగడ్డి రంగు, అక్కడక్కడా నలుపు కలిసి ఉంటుంది. ఎండిన బీడులో పడుకుంటే పక్కనుంచి వెళ్లినా కనిపించదు.

చాలామంది నక్కను చూసి తోడేలు అనుకుంటారు. నక్క చిన్నది. బరువు సుమారు పది కిలోలే. విశాఖ పక్కన కంబాలకొండ అడవిలో నక్కలు ఉన్నాయి. సందెవేళ ఊళ వినిపిస్తే అది తోడేలు అని భయపడనక్కర లేదు.

విశాఖలో తోడేలును చూడాలంటే జూకు వెళ్లాలి. దాని పూర్తి పేరు ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల. 1977లో ప్రజలకు తెరిచారు. కంబాలకొండ అడవిని ఆనుకుని 625 ఎకరాల్లో ఉంది. తోడేలుకు దగ్గరి చుట్టమైన అడవి కుక్కను కూడా అక్కడ చూడవచ్చు. కొందరు దాన్ని రేచుకుక్క అంటారు. ఆ జాతి అంతరించకుండా జూలో పెంచి పిల్లలు పెట్టించే పని ఇక్కడ చేస్తున్నారు.

జూలో జంతువును పెంచవచ్చు. జాతిని కొంతకాలం నిలబెట్టవచ్చు. కాని బయట దానికి చోటు లేకపోతే ఎక్కడ వదులుతాం? తోడేలు కథ అంతా ఈ చోటు గురించే.

తోడేలు కాపురం

తోడేళ్లు గుంపుగా బతుకుతాయి. గుంపు అంటే పెద్ద మంద కాదు, ఒక కుటుంబం. తల్లి, తండ్రి, కిందటి ఏడాది పిల్లలు, ఈ ఏడాది పిల్లలు. అంతా కలిపి ఐదారు ఉంటాయి.

చలికాలంలో ఆడ తోడేలు ఈనుతుంది. అంతకుముందు రెండు నెలలు చూలుతో ఉంటుంది. ఒక్కో ఈతకు నాలుగైదు పిల్లలు పుడతాయి. వాగు గట్టున బొరియలోనో, ముళ్లపొద కిందనో పిల్లల్ని పెడుతుంది. పుట్టినప్పుడు పిల్లలకు కళ్లు తెరుచుకోవు. రెండు వారాలు పడుతుంది.

తల్లి పిల్లల దగ్గర ఉంటే తండ్రి వేటకు వెళతాడు. కడుపు నిండా తిని వచ్చి, పిల్లల ముందు కక్కుతాడు. పిల్లలు అది తింటాయి. అన్నలు, అక్కలు కూడా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇలాగే తిండి తెస్తాయి. పిల్లలకు ఏడాది, రెండేళ్లు వచ్చాక కొన్ని ఇల్లు విడిచి వెళతాయి. కొత్త చోటు, కొత్త తోడు వెతుక్కుంటాయి.

ఒక కుటుంబం బతకాలంటే 150 నుంచి 300 చదరపు కిలోమీటర్ల చోటు కావాలి. కంబాలకొండ రక్షిత అడవి మొత్తం 71 చదరపు కిలోమీటర్లే. అంటే ఒక్క తోడేలు కుటుంబానికి అలాంటి రెండు అడవులంత చోటైనా కావాలి.

తోడేలు ఉండేది అడవిలో కాదు

ఇది ముఖ్యమైన విషయం. నిదానంగా చదవండి.

పులి ఉండేది దట్టమైన అడవిలో. మన తోడేలు అలా కాదు. దానికి కావలసింది గడ్డి బయలు, ముళ్లపొదల మెట్ట, రాళ్ల గుట్ట, వాగు గట్టు, కోత అయిన చేను. అంటే మన ఊరి చివర ఉండే బీడు. గొర్రెలు, మేకలు మేసే చోటే తోడేలు ఉండే చోటు.

గుజరాత్, రాజస్థాన్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ రాష్ట్రాల మెట్టల్లో తోడేళ్లు ఉన్నాయి. మన రాష్ట్రంలో ముఖ్యంగా రాయలసీమలో ఉన్నాయి. వాన తక్కువ, గడ్డి ఎక్కువ, గొర్రెలు ఎక్కువ ఉన్న నేల అది.

మరి ఈ బీడును మనం ఏమని పిలుస్తాం? బంజరు అంటాం. పోరంబోకు అంటాం. కాగితాల మీద 'పనికిరాని భూమి' అని రాస్తారు. హైదరాబాద్‌లో ఉపగ్రహ చిత్రాలు తీసి పరిశీలించే జాతీయ సంస్థ ఒకటి ఉంది. దేశంలోని బంజరు భూముల పటాల పుస్తకం అక్కడే తయారవుతుంది. అందులో పొదలు ఉన్న మెట్ట కూడా బంజరు కిందే పడుతుంది.

నిజంగా అది పనికిరాని భూమేనా? గొర్రెల కాపరిని అడిగి చూడండి. ఆయన మంద బతికేది దాని మీదే. కుందేలు, కృష్ణజింక, కౌజుపిట్ట, తోడేలు బతికేది దాని మీదే. పనికిరానిది అని పేరు పెట్టాక ఆ భూమిని అడిగేవాడు ఉండడు. ఫ్యాక్టరీ కావాలంటే అక్కడే. రోడ్డు కావాలంటే అక్కడే. ఇళ్ల స్థలాల లేఅవుట్లు, రాతి క్వారీలు, గాలిమరలు, సౌర విద్యుత్ పలకలు అన్నీ అక్కడే వస్తాయి. కర్నూలు దగ్గర ఓర్వకల్లు మెట్టల్లో సుమారు ఆరు వేల ఎకరాల్లో సౌర విద్యుత్ కేంద్రం కట్టారు. అది 2017లో పూర్తయింది. కరెంటు మనకు కావాలి. ఫ్యాక్టరీ కూడా కావాలి. కాని కట్టే ముందు, ఆ భూమి మీద ఎవరు బతుకుతున్నారో ఒకసారి చూడాలి కదా!

విశాఖ వాళ్లకు 'నిర్వాసితులు' అన్న మాట కొత్త కాదు. ఓడరేవు, ఉక్కు ఫ్యాక్టరీ వచ్చినప్పుడు ఊళ్లకు ఊళ్లు లేచిపోయాయి. భూమి పోతే మనిషి బతుకు ఎలా చెదిరిపోతుందో ఇక్కడి పెద్దలు చూశారు. పరిహారం కావాలని, ఉద్యోగం కావాలని మనుషులు అడగగలిగారు. తోడేలు అడగలేదు.

ఇంకో సంగతి. బీడులో చెట్లు నాటితే మంచిదే కదా అని అనుకుంటాం. అన్ని చోట్లా మంచిది కాదు. గడ్డి బయలును నీలగిరి తోటగా మారిస్తే గడ్డి తగ్గిపోతుంది. గడ్డి పోతే జింక, కుందేలు పోతాయి. సర్కారు తుమ్మ పాకిన చోట కూడా గడ్డి పెరగదు. అక్కడ గొర్రెకూ మేత లేదు, తోడేలుకూ వేట లేదు.

రోళ్లపాడు చెప్పే పాఠం

కర్నూలు నుంచి నందికొట్కూరు వైపు వెళితే రోళ్లపాడు అనే ఊరు ఉంది. ఇప్పుడది నంద్యాల జిల్లాలోకి వచ్చింది. అక్కడ మంచి గడ్డి బయలు ఉండేది. అందులో బట్టమేక పిట్ట ఉండేది. ఆ పక్షి దాదాపు మీటరు ఎత్తు ఉంటుంది. దాన్ని కాపాడటానికి 1988లో ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేలను రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

మేపడం తగ్గించారు. గడ్డి పెరిగింది. కృష్ణజింకలు పెరిగాయి. జింకలు ఉంటే తోడేళ్లు వస్తాయి. అక్కడ తోడేళ్లు కూడా ఉండేవి.

కాని కంచె లోపల ఆరు చదరపు కిలోమీటర్లు కాపాడితే సరిపోలేదు. చుట్టూ ఉన్న నేల మారిపోయింది. కాలువ నీళ్లు వచ్చాయి. బీళ్లు పొలాలయ్యాయి. రైతుకు నీళ్లు రావడం మంచిదే. కాని బయళ్లలో తిరిగే జీవాలకు తిరిగే చోటు తగ్గింది. బట్టమేక పిట్ట ఇప్పుడు రోళ్లపాడులో కనిపించడమే లేదు. ఎవరి కోసం ఆ చోటు కేటాయించారో ఆ పక్షే లేకుండా పోయింది.

తోడేలుకు కూడా ఇదే పాఠం. చిన్న ముక్కను కంచె వేసి కాపాడితే చాలదు. చుట్టూ ఉన్న బీడు, చేను, మేత భూమి కూడా ఉండాలి.

రెండు లక్షల తోడేళ్లు

తోడేళ్లు తగ్గడానికి భూమి ఒక్కటే కారణం కాదు. మనిషి చేతిలో చచ్చినవి కూడా ఎక్కువే.

తెల్లదొరల కాలంలో తోడేలును చంపితే బహుమతి డబ్బు ఇచ్చేవాళ్లు. తోలో, తలో చూపిస్తే డబ్బు. 1875 నుంచి 1925 దాకా 50 ఏళ్లలో 2 లక్షలకు పైగా తోడేళ్లను చంపారని చరిత్రకారులు లెక్క కట్టారు.

మీరే భాగించి చూడండి. 2,00,000ను 50తో భాగిస్తే 4,000 వస్తుంది. అంటే ఏడాదికి 4,000 తోడేళ్లు. ఇప్పుడు దేశం మొత్తంలో ఉన్న తోడేళ్ల కన్నా, అప్పట్లో ఒక్క ఏడాదిలో చంపినవే ఎక్కువ!

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టంలో తోడేలు మొదటి జాబితాలో ఉంది. పులి ఉన్నదీ అదే జాబితాలో. తోడేలును చంపితే 3 నుంచి 7 ఏళ్ల దాకా జైలు. జరిమానా కనీసం 25,000 రూపాయలు. తోడేలు పిల్లను తెచ్చి ఇంట్లో పెంచుకోవడం కూడా నేరమే.

చట్టం ఉంది. అయినా చంపడం ఆగలేదు. కొన్ని చోట్ల బొరియకు పొగ పెట్టి పిల్లల్ని చంపుతారు. కొన్ని చోట్ల చచ్చిన గొర్రె మీద విషపు మందు చల్లుతారు. ఆ మందుకు తోడేలు ఒక్కటే చావదు. ఊరి కుక్కలు, నక్కలు, కాకులు, గద్దలు అన్నీ చస్తాయి.

కాపరి బాధ కూడా వినాలి

తోడేలును చంపినవాడు చెడ్డవాడు అని ఒక్క మాట అనేస్తే సరిపోదు. ఎందుకు చంపాడో కూడా తెలియాలి.

ఒక కాపరికి 40 గొర్రెలు ఉన్నాయనుకోండి. ఆయన ఆస్తి అంతా అదే. బ్యాంకులో డబ్బు లేదు. పిల్ల పెళ్లికి, కొడుకు చదువుకు, జబ్బు చేస్తే ఆసుపత్రికి గొర్రెనే అమ్మాలి. ఒక రాత్రి తోడేళ్లు దొడ్డిలో పడ్డాయి. 3 గొర్రెలు పోయాయి. మీ సంతలో ఒక గొర్రె ధర ఎంతో మీకు తెలుసు. దాన్ని 3తో హెచ్చవేయండి. ఒక్క రాత్రిలో ఆ ఇంటికి వచ్చిన నష్టం అది. పట్నంలో ఉన్న మనం ఒక్క గొర్రె కూడా పోగొట్టుకోకుండా 'తోడేలును కాపాడాలి' అనడం తేలిక. ఆ ఖర్చు భరిస్తున్నది కాపరి.

అడవి జంతువు పశువును చంపితే అటవీ శాఖ నుంచి పరిహారం అడగవచ్చు. కాని గొర్రె విషయంలో ఒక చిక్కు ఉంది. పులి ఆవును చంపితే కళేబరం అక్కడే ఉంటుంది. తోడేలు గొర్రెపిల్లను నోట కరుచుకుని పోతుంది. మరి సాక్ష్యం ఏది? పైగా కాపరి ఒక ఊళ్లో ఉండడు. మేత కోసం జిల్లాలు దాటి వలస పోతాడు. ఆఫీసు చుట్టూ తిరిగే తీరిక ఆయనకు ఎక్కడిది? తిరిగితే మందను కాసేదెవరు?

ఇంత జరిగినా చాలామంది కాపరులు తోడేలును పగవాడిగా చూడరు. మందలో తోడేలుకు కూడా వాటా ఉంటుందని చెప్పే ముసలి కాపరులు ఉన్నారు. తోడేళ్లు ఇన్నాళ్లు మిగిలాయంటే అందులో కాపరుల ఓర్పు కూడా ఉంది. ఆ ఓర్పుకు సాయం అందకపోతే అది ఎన్నాళ్లు నిలుస్తుంది?

కుక్కల వల్ల వచ్చే ముప్పు

ఇప్పుడు తోడేలుకు కొత్త ముప్పు వచ్చింది. అది ఊరి కుక్క.

ఊరి చివర చెత్త పోస్తున్నాం. కోళ్ల ఫారాల వ్యర్థాలు, మాంసం కొట్టు వ్యర్థాలు బయట పడేస్తున్నాం. అది తిని కుక్కలు పెరుగుతున్నాయి. గుంపులుగా బీళ్లలోకి వెళుతున్నాయి. జింకపిల్లల్ని, కుందేళ్లను, గొర్రెలను చంపుతున్నాయి. చాలాసార్లు కుక్కలు చంపిన గొర్రెకు పేరు తోడేలుకు వస్తుంది.

కుక్కల నుంచి తోడేళ్లకు జబ్బులు అంటుకుంటాయి. రేబిస్, అంటే పిచ్చికుక్క జబ్బు అందులో ముఖ్యమైనది. ఒక్క తోడేలుకు వస్తే కుటుంబం మొత్తం పోవచ్చు. పిచ్చెక్కిన తోడేలు మనుషుల మీద కూడా పడుతుంది.

ఇంకో ముప్పు ఉంది. తోడేళ్లు తక్కువైతే తోడు దొరకదు. అప్పుడు తోడేలు కుక్కతో కలుస్తుంది. సంకర పిల్లలు పుడతాయి. మహారాష్ట్రలో పుణె దగ్గర ఇలాంటి సంకరాన్ని శాస్త్రవేత్తలు పరీక్షలు చేసి నిర్ధారించారు. ఆ సంగతి 2023లో బయటపెట్టారు.

'కుక్కా, తోడేలూ ఒకటే జాతి కదా, కలిస్తే ఏం?' అని మీరు అడగవచ్చు. మన తోడేలు చాలా పాత వంశానిది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, ఇతర దేశాల శాస్త్రవేత్తలు పరీక్షలు చేసి ఈ మాట చెప్పారు. ప్రపంచంలో ఇప్పుడున్న తోడేళ్లలో బాగా పాతవైన వంశాల్లో మనది ఒకటి. ఇది సంకరమైపోతే ఆ వంశం మళ్లీ రాదు.

తోడేలు మనిషి మీద పడుతుందా?

ఈ భయం చాలామందికి ఉంది. దాచకుండా మాట్లాడుకుందాం.

తోడేలు మామూలుగా మనిషిని చూస్తే తప్పుకుపోతుంది. రాయలసీమలో కాపరులు రాత్రుళ్లు బయట మంద పక్కనే పడుకుంటారు. వాళ్ల జోలికి రాదు. కాని ఎప్పుడూ జరగలేదని అనడం అబద్ధం. 1996లో ఉత్తరప్రదేశ్‌లోని కొన్ని జిల్లాల్లో పిల్లలు తోడేళ్లకు బలయ్యారు. 2024లో అదే రాష్ట్రంలోని బహ్రాయిచ్ జిల్లాలో మళ్లీ జరిగింది. అక్కడి కొన్ని ఊళ్లలో తల్లులు నెలల తరబడి రాత్రి నిద్రపోలేదు. అటవీ శాఖ వాళ్లు ఐదు తోడేళ్లను పట్టుకున్నారు.

బలైన పిల్లలు ఎవరు? ఎక్కువగా పేదవాళ్ల పిల్లలు. తలుపులు లేని ఇళ్లలో, ఆరుబయట నిద్రపోయే పిల్లలు. కాబట్టి మనుషుల మీద పడటం మరిగిన తోడేలును పట్టుకోవాల్సిందే. అందులో రెండో మాట లేదు. దాంతోపాటు ఇంటికి తలుపు, వీధికి దీపం, ఊరికి మరుగుదొడ్డి కూడా కావాలి. నాలుగైదు తోడేళ్లు చేసిన పనికి దేశంలోని తోడేళ్లన్నిటినీ చంపాలనడం మాత్రం న్యాయం కాదు.

తోడేలు లేకపోతే ఏమవుతుంది?

తోడేలు కృష్ణజింకను, కుందేలును, ఎలుకను తింటుంది. ముసలివి, జబ్బుతో ఉన్నవి ముందు దొరుకుతాయి. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. అది అందమైనదే. కాని రాయలసీమ రైతును అడిగితే, శనగ చేను మీద జింకలు పడితే ఏమవుతుందో చెబుతాడు. జింకలను అదుపులో ఉంచేది తోడేలే. గొర్రెను తిన్న తోడేలు అందరికీ కనిపిస్తుంది. అది కాపాడిన చేను ఎవరికీ కనిపించదు.

వేరే దేశాల్లో ఏం జరిగిందో చూడండి. జపాన్ దేశంలో చివరి తోడేలును 1905లో చంపారు. ఆ తరువాత అక్కడ తోడేలు లేదు. అమెరికాలో ఎల్లోస్టోన్ అనే పెద్ద రక్షిత అడవి ఉంది. అక్కడి తోడేళ్లను 1926 కల్లా చంపేశారు. తరువాత పెద్ద దుప్పులు విపరీతంగా పెరిగాయి. లేత చెట్లను ఎదగనివ్వలేదు. చివరకు 1995లో కెనడా నుంచి తోడేళ్లను తెచ్చి మళ్లీ వదిలారు. పోగొట్టుకుని, డెబ్బై ఏళ్ల తరువాత ఎంతో డబ్బు పోసి తెచ్చుకున్నారు. మన తోడేలు పోతే తెచ్చుకోవడానికి ఇంకో దేశం దాదాపు లేదు. అది ఉన్నది దాదాపు ఇక్కడే.

మనం ఏం చేయగలం?

కాపరులు చేయగలిగినవి:

1. రాత్రిపూట మందను ముళ్లకంప దొడ్డిలో పెట్టాలి. కంప ఎత్తుగా, దట్టంగా ఉండాలి. చిన్న పిల్లలను గంపల కింద మూయాలి.

2. ఈత కాలంలో, అంటే చలికాలంలో, తోడేళ్లకు తిండి ఎక్కువ కావాలి. అప్పుడు కాపలా పెంచాలి. దీపం, మంచి కాపలా కుక్క ఉండాలి.

3. గొర్రె పోతే కళేబరం ముట్టుకోకుండా ఫొటో తీయించాలి. పశువుల డాక్టరుకు, అటవీ శాఖకు వెంటనే చెప్పాలి. పరిహారం అర్జీ మీరే రాయగలరు. రాశాక ఒక నకలు దగ్గర ఉంచుకోండి.

4. చచ్చిన గొర్రె మీద విషం చల్లకూడదు.

పల్లెలో, పట్నంలో అందరూ చేయగలిగినవి:

1. పెంపుడు కుక్కకు ఏటా రేబిస్ టీకా వేయించాలి. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి సూదిమందు వేయించుకోవాలి. ఆకు పసర్లు కట్టుకుంటూ కూర్చుంటే ప్రాణం పోతుంది.

2. మాంసం వ్యర్థాలు ఊరి చివర పడేయకూడదు.

3. బీడులో జంతువు పిల్లలు కనిపిస్తే ఎత్తుకు రాకూడదు. తల్లి దగ్గరలోనే ఉంటుంది. మీరు వెళ్లిపోతే అది వస్తుంది.

4. జూకు వెళ్లినప్పుడు జంతువుల మీద రాళ్లు వేయకూడదు. తినుబండారాలు వేయకూడదు.

5. మీ ఊరి బంజరును ఎవరికైనా ఇవ్వబోతే గ్రామసభలో లేచి అడగండి. అక్కడ ఎవరు మేపుకుంటున్నారు? ఏ జీవాలు తిరుగుతున్నాయి? వాటి సంగతి ఏమిటి?

ఈ చివరి పని అన్నిటి కన్నా పెద్దది. చట్టం తోడేలును చంపవద్దంది. మంచిదే. కాని తోడేలు నిలబడే నేలను మాత్రం 'పనికిరానిది' అనే రాస్తున్నారు. ఆ మాట మారనంత కాలం తోడేలుకు చోటు తగ్గుతూనే ఉంటుంది. గొర్రెల కాపరికీ అంతే.

కొత్త మాటలు

అంతరించడం - ఒక జాతి పూర్తిగా లేకుండా పోవడం.
సంకరం - రెండు వేరు జాతులు కలిసి పుట్టిన సంతతి.
నిర్వాసితులు - ఉన్న చోటు నుంచి లేచిపోవలసి వచ్చిన వాళ్లు.
పరిహారం - నష్టపోయిన వాళ్లకు ఇచ్చే డబ్బు.

జవాబులు చెప్పండి

1. మన తోడేలు ఎలాంటి నేలలో ఉంటుంది?
2. తోడేలును చంపితే చట్టం ప్రకారం శిక్ష ఏమిటి?
3. రోళ్లపాడులో ఏ పక్షి కనిపించకుండా పోయింది? ఎందుకు?
4. తోడేళ్లకు కుక్కల వల్ల వచ్చే ముప్పులు ఏమిటి?

కలిసి మాట్లాడుకోండి

మీ ఊళ్లో, మీ పేటలో ఒకప్పుడు ఉన్న బీడు ఇప్పుడు ఏమైంది? అక్కడ ఏ జంతువులు, ఏ పిట్టలు ఉండేవి? పెద్దవాళ్లను అడిగి పది మాటలు రాయండి. చదువు కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.